అలిగిన కోడలి ఫోటో

ఫోటో అంటే మనిషి ముఖమేనని సికింద్రాబాద్ అంతా గట్టిగా నమ్మిన రోజులవి. చెట్టుకో గుట్టకో ఎదురుగా కెమెరా పెట్టుకుని నిలబడ్డవాణ్ణి చూస్తే, పాపం ఇంట్లో ఏం జరిగిందోనని జాలిపడేవారు. ఇప్పుడు కాలం మారింది. నన్ను సభలకు పిలిచి, కొండలూ బండలూ తీసే పెద్దాయన అని పరిచయం చేసి, మెడలో దండ వేసి, మీకు స్ఫూర్తి ఎక్కడ దొరికింది సార్ అని అడుగుతున్నారు. సూర్యోదయం పేరో హిమాలయాల పేరో చెబుతానని అందరూ ముందుకు వంగి ఎదురుచూస్తారు. నేనూ ఒకటి రెండుసార్లు అలాగే చెప్పాను (దండ వేసినవాళ్ళను నిరాశపరచడం మర్యాద కాదు కదా). నిజానికి నాకు దారి చూపినవి మా ఇంటి వెనకాల బండ, బాపట్లలో మా నాయనమ్మ మొండితనం, ఆ రెంటికీ మధ్య నేను వెలగబెట్టిన ఘనకార్యం. ఒక మేక కూడా ఉంది గానీ దాని పాత్ర చిన్నది.

మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు. లాలాగూడ రైల్వే క్వార్టర్లు దాటాక, ఇళ్ళు అయిపోయి బండలు మొదలయ్యే చోట మాకొక అద్దె ఇల్లు ఉండేది. పెరటి గోడ అవతలే ఒక పెద్ద బండ, దాని నెత్తిన ఇంకో చిన్న గుండు. తమ్ముడు పుట్టినప్పుడు సాయానికి బాపట్ల నుంచి వచ్చిన నాయనమ్మ ఆ వేసవంతా ఆ బండమీదే వడియాలు పెట్టింది. వచ్చిన వారంలోనే దానికి 'అలిగిన కోడలు' అని పేరు కూడా పెట్టింది. ఎంత పిలిచినా పలకదు, ముఖం అటు తిప్పుకుని కూర్చుంటుంది, కొప్పు మాత్రం చెదరనివ్వదు అని ఆవిడ వివరణ. ఆవిడ ఆ వివరణ ఇచ్చినప్పుడల్లా వంటింట్లో అమ్మ గిన్నెలు కాస్త గట్టిగా తోమేది.

మెట్రిక్ ఎలాగో గట్టెక్కాక నన్ను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనికి పెట్టాలని నాన్న పట్టుదల. చర్చిలో తన పక్కన కూర్చునే ఫోర్‌మన్‌తో మాట కూడా అనుకున్నాడు. నేనేమో కొన్నాళ్ళు గడువు అడుక్కుని, మోండా మార్కెట్ దగ్గర ఒక ఫోటో స్టూడియోలో చేరాను. దాని యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది. తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబం ఆయనది. స్టూడియోలో ఆయన తర్వాత అంతటి గౌరవం ఆయన పరదాకే. గోడంత గుడ్డమీద చెరువు, అందులో తెల్లని హంసలు, ఒడ్డున పాలరాతి మేడ, వెనకాల మంచు కొండలు. ఆ కొండల పక్కనే ఒక కొబ్బరి చెట్టు కూడా ఉండేది (దాన్ని గీసినవాడికి రెండూ ఇష్టమట). కూరగాయలు అమ్ముకునేవాళ్ళయినా, కచేరీలో గుమాస్తాలయినా ఆ హంసల ముందు కూర్చుంటే జమీందారుల్లా కనిపించేవారు. కోటు లేనివాళ్ళకు స్టూడియో కోటు ఒకటి మేకుకు వేలాడుతూ ఉండేది.

ఆ పనిలో నాకు ఒక్కటే లోపం. మనుషులంటే మహా సిగ్గు. ఫోటోగ్రాఫర్ అన్నవాడు 'కదలొద్దు' అని గద్దిస్తే అవతలివాడు ఊపిరి బిగబట్టాలి. నా గొంతులోంచి ఆ మాట బయటికి వచ్చేసరికి అవతలివాడు దగ్గి, గోక్కుని, పక్కవాడితో మాట్లాడి కూడా అయ్యేది. నేను తీసిన ఒక సేటుగారికి మూడు కళ్ళు వచ్చాయి. దాంతో ఉస్తాద్ నన్ను కెమెరా దగ్గరనుంచి లేపి, నెగటివ్‌లు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. గాజు పలకమీద సన్న పెన్సిల్‌తో ముఖాలు బాగుచేసే పని. అందులో మాత్రం నాకు సాటి లేదు. స్ఫోటకం మచ్చలు మాయమయ్యేవి, పీక్కుపోయిన బుగ్గలు నిండేవి. పెళ్ళికూతుళ్ళను వాళ్ళ తల్లులే గుర్తుపట్టలేనంత బాగా దిద్దేవాణ్ణి.

ఇంతలో పోలీస్ యాక్షన్ రోజులు వచ్చాయి. అంతకు ముందే చాలా నెలలనుంచి బయటి సరుకు రావడం తగ్గిపోయి, ఫోటో ప్లేట్లు (అప్పట్లో ఒక్కో ఫోటోకు ఒక్కో గాజు పలక) బంగారమైపోయాయి. తర్వాత తలుపులు వేసుకుని కూర్చున్న రోజులు, వీధుల్లో సైన్యం లారీలు, ఆ తర్వాత ఏదో తెలియని నిశ్శబ్దం. మా ఇంటికి మాత్రం ఏ ఆపదా రాలేదు. అందరికీ ఆ అదృష్టం లేదు. ఎవరి ఇళ్ళలో ఏం జరిగిందో ఒక్కొక్కటే తెలుస్తుంటే నాన్న చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

అటు బాపట్లలో హైదరాబాద్ గురించి రోజుకో వదంతి. మేమంతా క్షేమమని నాన్న జాబు రాశాడు. నాయనమ్మకు చదువు రాదు, బాబాయి చదివి వినిపించాడు. తనను ఊరడించడానికి వీడే కల్పించి చదువుతున్నాడంటూ ఆవిడ ఆ జాబును నమ్మలేదు. నాన్నకు బడిలో సెలవు దొరకలేదు, రైళ్ళలో సైన్యం తప్ప మామూలు మనుషులకు చోటు లేదు. అందుకని ఇంటిల్లిపాదీ ఫోటో దిగి పంపిద్దామని నిర్ణయించాడు. కళ్ళతో చూస్తే నమ్మక చస్తుందా అని అమ్మ కూడా అంది.

ఉస్తాద్ మామీద అభిమానంతో తానే తీశాడు. కనక ఆ ఫోటోలో నేనూ ఉన్నాను. నాన్నకు స్టూడియో కోటు తొడిగాం, అమ్మ చేతికి కాగితం పూల గుత్తి ఇచ్చాం, చెల్లెలూ తమ్ముడూ హంసలకు అటూ ఇటూ నిలబడ్డారు. ఇక దిద్దే పని నాది. కన్నవాళ్ళ రుణం తీర్చుకునే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చిందనుకున్నాను. ఆ రోజుల బెంగతో చిక్కిపోయిన ముఖాలన్నీ నింపాను. అమ్మ కళ్ళ కింద నలుపు తీసేశాను. నాన్న నుదుటిమీద చిన్నప్పుడు రోలుమీద పడి తగిలిన గాయం మచ్చ ఒకటి ఉండేది. దాన్ని ఒక పూటంతా కూర్చుని, ఆనవాలు లేకుండా చెరిపేశాను. మా వీధిలో ఉండే గార్డు మామయ్య (రైల్వే గార్డు, చర్చి పాటల్లో బొంగురు గొంతు ఆయనదే) ఆ ఫోటోను బెజవాడ తీసుకెళ్ళి బాబాయి చేతికి ఇచ్చాడు.

వారం తిరిగేసరికి గార్డు మామయ్య మళ్ళీ వచ్చాడు. కాఫీ ఇచ్చినా తాగకుండా టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. విషయం మెల్లగా బయటికి వచ్చింది. నాయనమ్మ ఫోటో చూసి గొల్లుమందట. బాపట్లలో ఎవరైనా పోయినప్పుడు, పాత ఫోటోలోంచి ముఖం తీసి, మచ్చలన్నీ తుడిచేసి, వెనకాల మేడలూ చెరువులూ పెట్టి పెద్ద పటం చేయించడం ఆవిడ చూసింది. వాళ్ళ పక్కింటి పంతులమ్మగారికి అలాగే చేయించారు. ఇదీ అలాంటిదే అని ఆవిడ తేల్చేసింది. కోటు వేసుకోని కొడుక్కి కోటు, చిక్కిపోయే కోడలికి నిండు బుగ్గలు, వెనకాల తెల్లని మేడ. అందరం కట్టగట్టుకుని ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయామనీ, తన దగ్గర దాస్తున్నారనీ అనుకుంది.

"నుదుట మచ్చ లేని కొడుకును నేను కనలేదు అన్నారట మాస్టారూ," అన్నాడు గార్డు మామయ్య. "నిజం చెప్పేదాకా ఉపవాస ప్రార్థన అని కూర్చున్నారు. పొద్దున పూట గుక్కెడు మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదు. లేచి నిలబడలేకపోతున్నారని మీ తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

నాన్న వేలితో నుదుటి మచ్చ తడుముకుంటూ నావైపు చూశాడు. ఎందుకు తీసేశావురా అని నెమ్మదిగా అడిగాడు. బాగుంటుందని నాన్నా అన్నాను. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నాయనమ్మ మజ్జిగ గ్లాసు నా కళ్ళముందు కదులుతుంటే నేల చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు అమ్మ అందుకుంది. "ఆ బండ దగ్గర తీసి పంపండి. ఆవిడ నన్ను మర్చిపోయినా దాన్ని మర్చిపోదు."

ఈ సంగతి విని ఉస్తాద్ చాలా నొచ్చుకున్నాడు. "నా పరదా ముంగట ఎన్ని పెండ్లిళ్ళు కుదిరినయ్ రా పిలగా. సచ్చిపోయిండ్రని ఒక్కలు సుత అనలే," అని హంసలవైపు దిగులుగా చూశాడు. కానీ ముసలమ్మ అన్నం మానేసిందని వినగానే మెత్తబడ్డాడు. ఊళ్ళో అందరూ చుట్టాలకు ఫోటోలు పంపే రోజులు కావడంతో ఆయనకు స్టూడియో వదిలి రావడం కుదరదు. బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన ప్లేటు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "నీకు గిదొక్కటే ఇయ్యగలుగుత, కడమయన్ని గిరాకీలయి. సూర్యుణ్ణి వీపుకు పెట్టుకో, జెర నిదానంగ తియ్యి. గిది సుత ఖరాబ్ చేస్తివంటే మల్ల కెమెరా ముట్టకు, మీ నాయిన చెప్పిన కార్ఖానకు పో." అంత పెద్ద కట్టె కెమెరాను ఆయన బయటికి పంపడం అదే మొదటిసారి. రిక్షా ఎక్కించేటప్పుడు, ఆడపిల్లను అత్తారింటికి సాగనంపుతున్నట్టు దాన్ని రెండుసార్లు తడిమాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎండ వాలుతుండగా అందరం పెరటి గోడ అవతలికి చేరాం. ఈసారి ఏ అలంకారాలూ వద్దని, ఇంట్లో ఎలా ఉంటే అలాగే రమ్మని ముందే చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. అత్తగారు చూసే ఫోటోలో ముతక చీరేమిటని పెళ్ళినాటి పట్టుచీర తీసింది. నాన్న అడ్డుపడితే, సరే అని ముతక చీరే కట్టుకుని, అందుకు కోపంతో బండకు దూరంగా నిలబడింది (పైగా ఆ బండ పక్కన నిలబడితే పోలిక చూస్తారని ఆవిడ అనుమానం). కానీ నేను గమనించనిది ఒకటుంది. కాలం కాని కాలంలో ఆవిడ పొద్దున్నే పప్పు రుబ్బి, నాయనమ్మ ఎక్కడ పెట్టేదో సరిగ్గా అక్కడే పాత చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి వడియాలు పెట్టింది. ఎందుకమ్మా అని తర్వాత అడిగితే, ఊరికేనే అంది.

నేను నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనకాలి గాజు పలకలోకి చూశాను. ఆ కెమెరాల్లో లోకం తలకిందులుగా కనిపిస్తుంది. స్టూడియోలో రోజూ చూసేదే గానీ, అక్కడ కనిపించేది తలకిందులైన హంసలే. ఇక్కడ మొదటిసారి మా బండ తలకిందులుగా కనిపించింది, నేను నిజంగా బిత్తరపోయాను. దానిమీద ఎండ పడి తేనెరంగు గీతలు తేలాయి. పగుళ్ళలో గడ్డి వెలుగుతోంది. నెత్తిన గుండు ఇప్పుడో ఇంకాసేపటికో జారుతానన్నట్టు కూర్చుని ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ దాని పక్కనే ఉంటూ ఒక్కనాడూ నేను దాన్ని చూడలేదు. మూడు కాళ్ళ స్టాండుతో సహా రెండడుగులు వెనక్కి జరిగాను, ఆకాశం కాస్త దొరికింది. ఇంకాస్త జరిగాను, పక్క బండలు కూడా వచ్చాయి. సిగ్గు లేదు, భయం లేదు. కదలొద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు, అవతల ఉన్నది కదిలే రకం కాదు. ఆ సంతోషంలో నాన్న దూరంనుంచి ఏదో అరుస్తున్నాడని కూడా గమనించలేదు. వెళ్ళిపోతున్నావా అని అడుగుతున్నాడని చెల్లెలు తర్వాత చెప్పింది. గాజు పలక పైభాగంలో నల్లగా ఏదో వేలాడుతుంటే చెట్టుకొమ్మ అనుకుని సరిపెట్టుకున్నాను (అక్కడ చెట్టన్నదే లేదు). ప్లేటు పెట్టి, పక్కకు వచ్చి, కెమెరా మూత తీసి చేయి పైకెత్తి పట్టుకుని, లోపల లెక్కపెట్టుకుని మూత పెట్టేశాను. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ ఫోటో తీయలేదు.

మర్నాడు చీకటి గదిలోంచి బయటికి వచ్చిన ఉస్తాద్ తడి ప్లేటును కిటికీకి ఎత్తి పట్టుకుని కళ్ళు చికిలించి చూశాడు. బండ మాత్రం అద్భుతంగా ఉంది. దాని కింద ఆవగింజలంత మనుషులు ఉన్నారు. వాళ్ళలో ఎవరు నాన్నో కోటు లేదు కాబట్టి పోల్చుకోవాలి. తమ్ముడు కదిలి పొగలా మిగిలాడు. ఎప్పుడు వచ్చిందో ఒక మేక మాత్రం, వడియాలకేసి మెడ చాచి, గడ్డం వెంట్రుకలతో సహా స్పష్టంగా పడింది. ఇవన్నీ ఒక ఎత్తు. సూర్యుణ్ణి వీపుకు పెట్టుకోమన్నాడు కదా అని పొద్దువాలే వేళ పెట్టుకున్నాను కనక, ఫోటో కింద భాగమంతా నా నీడే. మూడు కాళ్ళ కెమెరా, పక్కన చేయెత్తిన బారెడు మనిషి.

"మనుషులేరిరా?" అన్నాడు ఉస్తాద్ చివరికి. "మేక వచ్చింది, బండ వచ్చింది, నీ బూతం సుత వచ్చింది. మీ అమ్మ నాయిన ఏరి?"

నాకు ఇంకో ప్లేటు రాదు. సాయంత్రానికి గార్డు మామయ్య బండి బయలుదేరుతుంది. పోనీ ముఖాలైనా కాస్త దిద్దుదామని నేను పెన్సిల్ అందుకుంటే, ఉస్తాద్ నా చేయి పట్టుకుని ఆపి, ఇప్పటికి చేసిన సేవ చాలన్నాడు. ఉన్నది ఉన్నట్టుగా అచ్చువేసి పంపాం. రాత్రి నాన్న వర్క్‌షాపుకు వేసుకెళ్ళడానికి తన పాత ఖాకీ చొక్కా ఒకటి తీసి నా మంచంమీద పెట్టాడు. అది చూస్తూ నిద్రపోకుండా నేను ప్రార్థన చేశాను. నా కెమెరా కోసం కాదు. ఈ పిచ్చి ఫోటో చూసి నాయనమ్మ ఆ గుక్కెడు మజ్జిగ కూడా మానేస్తుందేమోనని భయపడి చేశాను. అంత మనస్ఫూర్తిగా అంతకుముందు ఎన్నడూ చేయలేదు.

గార్డు మామయ్య ఈసారి బాపట్ల దాకా స్వయంగా వెళ్ళాడు. తిరిగి వచ్చి మా అరుగుమీద కూర్చుని, కాఫీ అడిగి మరీ తాగాడు. దాంతోనే మాకు సగం ప్రాణం లేచివచ్చింది. ఆయన చెప్పిన ప్రకారం, నాయనమ్మ ముందు ఫోటో చూడనందట. బాబాయి బలవంతాన మంచంమీద కూర్చోబెట్టి చేతిలో పెడితే, మనుషులకేసి కన్నెత్తి చూడకుండా నేరుగా బండనే చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళమంది. వెలుగులో అటూ ఇటూ తిప్పి, "అలిగిన కోడలికి ఇంకా అలక తీరలేదు," అందట. "కొప్పు కూడా జారలేదు." తర్వాత వేలితో బండమీద తెల్లగా పరిచిన చీరను తడిమింది. నాలుగు మూలలా రాళ్ళు చూసింది. ఈ కాలంలో వడియాలు పెట్టే పిచ్చిది తన కోడలు తప్ప లోకంలో ఇంకెవరూ ఉండరంది.

"చచ్చినవాళ్ళు వడియాలు పెట్టరు కదయ్యా," అని గార్డు మామయ్యను అడిగిందట. పెట్టరండీ అన్నాడట ఆయన. మేకను ఎవరూ అదిలించరేమని కూడా కోప్పడిందట.

అప్పుడు మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కొడుకు, కోడలు, మనవరాలు, పొగలా చిన్న మనవడు. పెద్దవాడు ఏడీ అని ముఖం మళ్ళీ మాడిపోయింది. ఫోటో తీసింది వాడేనమ్మా, అందుకే అందులో లేడని గార్డు మామయ్య చెప్పబోయేలోగా, ఆవిడ వేలు ఫోటో కిందికి జారి నా నీడమీద ఆగింది. చేయెత్తి ఉన్న ఆ నల్లటి బారెడు ఆకారాన్ని చాలాసేపు చూసింది.

"ఇదిగో ఇక్కడున్నాడు. చేయెత్తి నన్ను పలకరిస్తున్నాడు," అని చెప్పి, బాబాయి భార్యను పిలిచి అన్నం పెట్టమందట.

ఈ మాట విన్నాక అమ్మ లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ పూట గిన్నెల చప్పుడు కూడా వినిపించలేదు. గార్డు మామయ్య లేస్తూ నాకు మాత్రం విడిగా ఒక కబురు అందించాడు. వాడికి మనుషులను తీయడం రాదు, బండలను తీయడం వచ్చు, ఆ పనే చేసుకోమను అని నాయనమ్మ చెప్పమందట. నాన్న విననట్టే ఉన్నాడు గానీ, మర్నాడు నేను లేచేసరికి మంచంమీద ఖాకీ చొక్కా లేదు. ఆయనే తొడుక్కుని పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. ఫోర్‌మన్‌గారికి ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉస్తాద్ ఆ ప్లేటుకు ఇంకో అచ్చు తీసి, పెళ్ళి ఫోటోల మధ్య అద్దాల బీరువాలో పెట్టాడు. "గీ బండ మంచి గిరాకీ రా పిలగా, కదలదు, కండ్లు మూయదు," అని వచ్చినవాళ్ళకు చూపించేవాడు. ఆదివారాలు కెమెరా నాకిచ్చేవాడు. అలా మౌలాలి వైపు, బేగంపేట వైపు ఎన్ని బండల ముందు నల్లగుడ్డ కప్పుకుని నిలబడ్డానో చెప్పలేను. ఆ నిలబడడమే నా బతుకైంది. నాయనమ్మ మరికొన్నేళ్ళు ఉంది. ఆ ఫోటో ఆవిడ బైబిల్‌లోనే ఉండేదట. అలిగిన కోడలిని మాత్రం తర్వాతెప్పుడో ఇళ్ళకోసం పగలగొట్టి కంకర చేశారు. నేను వెళ్ళి చూడలేదు, చూడాలనిపించలేదు.

ఫోటోలో తన నీడ పడకుండా చూసుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం. నేనూ కుర్రవాళ్ళకు అదే నేర్పుతాను, చాలా గంభీరంగా. కానీ ఏ కొత్త ఊరు వెళ్ళినా, అసలు పని అయిపోయాక, వాళ్ళు సామాను సర్దుకునే వేళ, సూర్యుణ్ణి వీపుకు పెట్టుకుని ఒక్క ఫోటో తీసుకుంటాను. ఇప్పుడు నీడ కాస్త వంగింది, పక్కన చేతికర్ర ఒకటి చేరింది. అయినా కెమెరా నొక్కే ముందు, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, చేయెత్తి నాయనమ్మను పలకరిస్తాను.